మూడో పిడికిలి

ఈ మే నెలలో ఒక ఉదయం డారియా ఫోన్ చేసి, నీ చెయ్యి తీసుకుని ఒకసారి రా అంది. ఆహ్వానాల్లో ఇది కొంచెం కొత్త రకం. డారియా సాస్కటూన్‌లో మా చిన్నప్పటి పక్కింటి అమ్మాయి. నాకన్నా ఆరేళ్లు పెద్దది, ఇప్పుడు అరవై ఆరు. కీళ్లవాతం వచ్చి కుడిచేతి వేళ్లు పిడికిలి బిగించడం మానేశాయట. వాళ్ల చర్చి హాల్లో ఏటా జరిగే వసంతకాలపు విందుకి పోయిన ఏడు మేనకోడళ్లు కొలత చెంచాలతో ఉప్పు వేశారట. మా నాయనమ్మ నేర్పిన పచ్చడి సగం గిన్నె మిగిలిపోయిందట. ఇన్నేళ్లలో అలా జరగడం అదే మొదటిసారి. ఈసారి కూడా మిగిలితే పచ్చడి తీసేసి ఆ చోట యాపిల్ పై అనే తీపి వంటకం ఇంకొకటి పెడదామని విందు కమిటీ అనుకుంటోందని చెప్పి, "వాళ్ల తప్పేం లేదులే" అని కూడా చేర్చింది. ఆ ఊళ్లో కోపాన్ని అలాగే ప్రకటిస్తారు.

నా వంట గురించి నాకు అపోహలు లేవు. నార్త్ యార్క్‌లో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో ముప్పై ఏళ్లు కూర్చుని, ఇతరులకి రాబోయే ప్రమాదాలను అంచనా వేసి రిటైరైనదాన్ని. ఆ ప్రమాదం మా ఇంట్లో రోజుకి రెండుసార్లు టేబుల్ మీదికి వస్తుందని మా ఆయన అంటాడు గాని, తినడం మాత్రం ఎన్నడూ మానలేదు. పైగా నా చెయ్యి మీద నాయనమ్మ ఎప్పుడో తీర్పు చెప్పేసింది. "నీది మీ అమ్మ చెయ్యే అమ్మడూ. రాసుకోటానికి పనికొస్తుంది" అని. ఆవిడ తీర్పుల మీద అప్పీలు ఉండేది కాదు. అలాంటి చేతిని సంచిలో వేసుకుని విమానం ఎక్కడం తెలివైన పని కాదని తెలుస్తూనే ఉంది. మా బేస్‌మెంట్‌లో అద్దెకుండే శ్రావణి అనే కరీంనగర్ అమ్మాయి నన్ను ఎయిర్‌పోర్ట్‌లో దింపింది. కాలేజీలో చదువుకుంటూ, శని ఆదివారాలు వాన్ అనే పక్క ఊళ్లో ఒక వేర్‌హౌస్‌లో పెట్టెలు మోస్తుంది. దారిలో సంగతంతా విని, "ఉప్పు ఏసేటందుకు గంత దూరం పోతున్నరా ఆంటీ? వీడియో కాల్ల చెప్పరాదు" అంది. ఉప్పు వీడియో కాల్‌లో పడదని చెప్పాను. కాసేపు ఆలోచించి, "మా అమ్మ గూడ గట్లనే అంటది. ఎంతేస్తవే అంటే, చెయ్యికి ఎరుక అంటది" అని, టెర్మినల్ ముందు నా పెట్టె తనే దించింది.

అమెరికా వాళ్లకి మిడ్‌వెస్ట్ ఉన్నట్టు మాకు ప్రెయిరీలనే చదును మైదానాలు ఉన్నాయి. అక్కడ కొండలు లేవు, అడ్డంకులు లేవు, అతిశయోక్తులు అంతకన్నా లేవు. సాస్కటూన్ మరీ పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. నడుమ ఒక నది, దాని మీద వంతెనలు, వంతెనల కింద వసంతంలో వచ్చి దిగే తెల్లటి గూడబాతులు. మేలో మంచు కరిగిన నీళ్లతో నది మట్టిరంగులో, తొందర పని ఉన్నట్టు పోతుంది. జూన్ వచ్చేసరికి ఆరు నెలలు చచ్చినట్టు పడి ఉన్న చెట్లన్నీ ఒకే వారంలో ఆకులు తొడిగి, ఏమీ జరగనట్టు నిలబడతాయి. లైలాక్ పూల వాసన వీధుల్లో ఎంత చిక్కగా ఉంటుందంటే, బయట ఆరేసిన బట్టలకి రెండు రోజులు వదలదు. జూన్‌లో నేను దిగిన రోజు, ఎయిర్‌పోర్ట్ నుంచి డారియా కారు నడుపుతూ వంతెన ఎక్కింది. ఆమె కుడిచేతి వేళ్లు స్టీరింగ్ మీద బల్లపరుపుగా పరుచుకుని ఉన్నాయి. అటు చూడకుండా ఉండటానికి నేను గూడబాతుల్ని లెక్కపెట్టాను.

నాన్న బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదివి, పప్పుధాన్యాల మీద పరిశోధన చెయ్యడానికి ఆ ఊరి యూనివర్సిటీకి వచ్చారు. చుట్టూ గోధుమ తప్ప మరొకటి ఎరగని రైతులకి పప్పు పండించమని చెప్పడం ఆయన ఉద్యోగం. వాళ్లు ఎంతో మర్యాదగా విని, వెళ్లి గోధుమ వేసుకునేవారు. అమ్మ ఆస్పత్రి ల్యాబ్‌లో చేరింది. నన్ను చూసుకోవడానికి నరసరావుపేట నుంచి నాయనమ్మ వచ్చింది. అప్పుడు నాకు తొమ్మిది దాటి పదో ఏడు. ఆవిడ పెట్టెలో రెండు చీరలూ, చిన్న రాతి రోలూ, పచ్చడిబండా ఉన్నాయి. చీరలు తగ్గించి రోలు తెచ్చానని, చలిదేశానికి ఏది ముఖ్యమో తనకి తెలుసని చెప్పింది. ఆ చలికాలం అంతా నాన్న కోటు వేసుకుని వంట చేసింది.

పొద్దున లేవగానే ఆవిడ పొయ్యి తుడిచి, ఫ్రిజ్ మీద నిలబెట్టిన దేవుడి పటానికి దణ్ణం పెట్టుకుని, తర్వాత కిటికీలోంచి మంచు వైపు, ఇంకా ఉందా అన్నట్టు ఒకసారి చూసేది. మధ్యాహ్నం బడి నుంచి నేను అన్నానికి ఇంటికి వచ్చేదాన్ని. మెట్లు ఎక్కుతుంటేనే ఇంగువ పోపు వాసన, నేతిలో వేగుతున్న మిరపకాయ ఘాటు, కిటికీ అద్దాల మీద అన్నం ఆవిరి. మిగతా పిల్లలకి సాండ్‌విచ్ డబ్బాలు ఉండేవి, నాకు నాయనమ్మ ఉండేది. ఆవిడ ఎన్నడూ వండుతూ రుచి చూసేది కాదు. దేవుడికి పెట్టకుండా నాలిక మీద వేసుకోవడం ఎంగిలి. ఉప్పు చేత్తో కొలిచేది, అది తప్పేది కాదు. ఇక మెచ్చుకోలు విషయంలో ఆవిడ చాలా పొదుపరి. పెద్దనాన్న పెళ్లిలో వంటవాళ్లు చేసిన పులిహోర తిని, ఊరంతా పొగుడుతుంటే ఆవిడ "ఫరవాలేదు" అందట. ఆ మాట పట్టుకుని ఆ వంటవాళ్లు పదేళ్లు బతికారని మా ఇంట్లో చెప్పుకునేవారు.

అయితే ఆ దేశంలో ఆవిడకి ఒక్కటే లోటు. గోంగూర లేదు. గుంటూరు జిల్లా మనిషికి అది చిన్న లోటు కాదు. ఆ చలికాలం ఆవిడ నిమ్మకాయతో, పచ్చి యాపిల్‌తో రకరకాలుగా ప్రయత్నించి, చివరికి ప్లేటు పక్కకి తోసి, "పులుపు నాలిక మీదే ఆగుతోంది, లోపలికి పోవట్లా" అని మానేసింది. జూన్‌లో ఒక శనివారం, వెనక సందులో ఆడుకుంటూ నేను పక్కింటి కంచె మీంచి వంగిన ఎర్రటి కాడ ఒకటి విరిచి కొరికాను. కళ్లు మూసుకుపోయేంత పులుపు. పరిగెత్తుకుని ఇంట్లోకి వెళ్లి, నాయనమ్మా, ఇక్కడ గోంగూర ఉంది అన్నాను. ఆవిడ చెప్పులేసుకుని వచ్చి చూసింది.

"పుల్లగా ఉందా?"

"చాలా పుల్లగా ఉంది."

"కాడ కూడా ఎర్రగానే ఉంది మరి" అంది, తనలో తను.

ఏ భాగం పుల్లగా ఉందో ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. అది రూబార్బ్. ఆ ఊళ్లో ప్రతి పెరట్లోనూ ఉంటుంది. కావలసినంత కోసుకోమని పక్కింటి స్టెఫా ఆంటీ, అంటే డారియా వాళ్లమ్మ, అంతకుముందే చెప్పి ఉంది. జూన్ నెలలో ఆ ఊరివాళ్లు ఒకరికొకరు వద్దన్నా రూబార్బ్ అంటగడతారు. నాయనమ్మ ఒడినిండా కోసి తెచ్చి, నేల మీద పేపరు పరుచుకుని కూర్చుని, గోంగూరకి ఏం చేస్తారో అదే చేసింది. ఆకులు తుంచి ఉంచుకుంది, కాడలు పారేసింది. ఆకులు చేటలంత ఉన్నాయి. ఈ దేశంలో కార్లూ, ఇళ్లూ, మనుషులూ అన్నీ పెద్దవే గనక ఆకు కూడా పెద్దగా ఉండటంలో ఆవిడకి అనుమానించవలసింది ఏమీ కనిపించలేదు. మర్నాడు ఆదివారం నాన్న వాళ్ల ప్రొఫెసర్ దంపతులు భోజనానికి వస్తున్నారు. మన పచ్చడి అంటే ఏమిటో వాళ్లకి తెలియాలని ఆవిడ పొద్దున్నే పెద్ద బాణలి పొయ్యి మీద పెట్టింది.

స్టెఫా ఆంటీ తన చెత్త పారెయ్యడానికి సందులోకి వచ్చి మా చెత్తడబ్బాలో చూసింది. అందులో లేత ఎర్రటి రూబార్బ్ కాడలు, ఒక కుటుంబానికి వారానికి సరిపడా. ఆకు మాత్రం ఒక్కటీ లేదు. అది చూడగానే ఆవిడకి ఏం అర్థమైందో మాకు తర్వాత తెలిసింది. చేతులకి పిండితో, కాళ్లకి రబ్బరు బూట్లతో, తలుపు కొట్టకుండా మా వంటింట్లోకి దూసుకొచ్చి, ఒక్క మాట మాట్లాడకుండా బాణలి ఎత్తి పచ్చడంతా సింకులో గుమ్మరించింది. తర్వాత నా వైపు తిరిగి, ఎవరైనా తిన్నారా, ఆకులు విషం అని అడిగింది. నేను ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పాను. నాయనమ్మ ముందు ఆవిడ బూట్ల వైపు, తర్వాత సింకు వైపు, చివరికి నా వైపు చూసింది. ఎవరూ తినలేదు. దేవుడికి పెట్టలేదు గనక నాయనమ్మ కూడా రుచి చూడలేదు. మా ఇంట్లో అందరం ఆ ఆదివారం బతికి ఉండటానికి ఎంగిలి పట్టింపు కొంత కారణం. నాన్న వచ్చి విషయం విని, ఆకుల్లో ఆక్సాలిక్ ఆమ్లం ఉంటుందనీ, కాడలైతే తినవచ్చనీ శాస్త్రం ప్రకారం చెప్పారు.

"నీకు ముందే తెలుసంట్రా?" అంది నాయనమ్మ.

"తెలుసమ్మా. నువ్వు అడగలేదుగా."

నాన్న తర్వాత చాలా పేపర్లు రాశారు గాని, ఆయన పలికిన వాక్యాల్లో ఇంత నష్టం చేసింది మరొకటి లేదు. ప్రొఫెసర్ దంపతులు పప్పూ మజ్జిగపులుసూ తిని సంతోషంగా వెళ్లారు. ఆ రోజు నుంచి నాయనమ్మ వంటింట్లో అడుగు పెట్టలేదు. రోలు కడిగి బోర్లించి, హాల్లో కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. అమ్మ వండి వెళ్లింది తినేది, అడిగితే బాగుందనేది. ఆవిడ నోట బాగుంది అన్న మాట రావడంతో మాకందరికీ భయం వేసింది. మూడో రోజు నాన్నని పిలిచి, "నాకు టికెట్ కొనరా. ఈ దేశంలో ఏది ఆకో ఏది విషమో నా చేతికి తెలియట్లా. ఈ చేత్తోనే పసిదానికి పెట్టబోయా" అంది. నాన్న సరేనన్నారు, ఆయనకి అమ్మతో వాదించడం రాదు. నేను మధ్యాహ్నం ఇంటికి వస్తే మెట్ల మీద ఏ వాసనా ఉండేది కాదు. గోంగూర అని అరిచింది నేను. ఆ సంగతి ఎవరూ గుర్తు చెయ్యలేదు, అందువల్ల నేను ఒక్కదాన్నే గుర్తు పెట్టుకోవలసి వచ్చింది.

వారం తిరిగాక స్టెఫా ఆంటీ మళ్లీ వచ్చింది. ఈసారి తలుపు కొట్టింది. బూట్లు గడప బయట విడిచి, మేజోళ్లతో లోపలికి వచ్చింది. చంకలో ఆకులు కోసేసిన కాడల కట్ట. నన్ను పక్కన నిలబెట్టుకుని, నాయనమ్మ ముందు కూర్చుని ఇలా చెప్పింది. "మా అమ్మ ఈ దేశానికి వచ్చిన మొదటి ఏడు పొదల్లో పుట్టగొడుగులు ఏరి వండింది. ఇంట్లో ఐదుగురం మూడు రోజులు మంచం దిగలేదు. నాలుగో రోజు లేచి, మళ్లీ ఆవిడనే వండమన్నాం. ఇంకెవరికీ వంట రాదు గనక." నేను అనువాదం చేశాను. నాయనమ్మ చాలాసేపు ఆవిడ మేజోళ్ల వైపు చూసింది.

"నేను వండితే ముందు ఎవరు తింటారో అడుగు" అంది చివరికి. "నువ్వు మాత్రం కాదు."

అడిగాను. స్టెఫా ఆంటీ తన గుండె మీద వేలు పెట్టుకుని, "నేనే. ఏమన్నా అయితే చర్చి రెండు వీధుల అవతలే" అంది.

నాయనమ్మ లేచింది. కాడలు ఒక్కొక్కటీ కడిగి, వాసన చూసి, గోరుతో గిల్లి, ముక్కలు కోసింది. నూనెలో మెంతులు, ఆవాలు, ఎండుమిరపకాయలు చిటపటలాడాయి, ఇంగువ వాసన ఇల్లంతా తిరిగి వచ్చింది. కాడలు మగ్గి గుజ్జయ్యాయి. రోట్లో నూరి, ఉప్పు వేసి, ఫ్రిజ్ మీది దేవుడికి చూపించి, స్టెఫా ఆంటీ ముందు పెట్టింది. ఆవిడ రొట్టెముక్కకి దట్టంగా పూసుకుని, మేమెవ్వరం హెచ్చరించే లోపల నోట్లో పెట్టుకుంది. ముఖం కాడల రంగులోకి వచ్చింది. కళ్ల నుంచి నీళ్లు కారాయి. రెండు గ్లాసుల మజ్జిగ తాగి, ఊపిరి తీసుకుని, ఇంకో రొట్టెముక్క అందుకుంటూ "నాట్ టూ బ్యాడ్" అంది. ఫరవాలేదంటోంది నాయనమ్మా అన్నాను. నాయనమ్మ వెన్ను నిటారైంది. అంత దూరం వచ్చాక తన భాష తెలిసిన మనిషి ఒకరు దొరికినట్టు ఆవిడని చూసింది.

ఆ తర్వాత రెండు వారాలకి చర్చి విందు. రెండు బకెట్ల కాడలతో పచ్చడి చేసి పెడదామని స్టెఫా ఆంటీ పట్టుదల. అందుకు కొలతలు కావాలి. ఉప్పు ఎన్ని కప్పులని నన్ను అడగమంది. "కప్పులేంది, నా చెయ్యే కొలత. మూడు పిడికిళ్లు" అంది నాయనమ్మ. స్టెఫా ఆంటీ ఒక కిరాణా సంచి చింపి, ఆ గోధుమరంగు కాగితం టేబుల్ మీద పరిచి, నాయనమ్మ చెయ్యి దాని మీద పెట్టించి పెన్సిల్‌తో చుట్టూ గీయడం మొదలుపెట్టింది. బొటనవేలు, చూపుడువేలు బాగానే సాగాయి. ఉంగరం వేలు దగ్గరికి వచ్చేసరికి నాయనమ్మ భుజాలు కదిలాయి. "నవ్వకు, గీత వంకర పోతుంది" అంది స్టెఫా ఆంటీ ఇంగ్లీషులో. అది నేను అనువదించే లోపలే నాయనమ్మకి చక్కిలిగిలి ఆగలేదు. గలగలా, ఒళ్లంతా ఊగేలా నవ్వింది. ఆ దేశంలో ఆవిడ నవ్వడం నేను వినడం అదే మొదలు. గీత వంకర పోయింది. టికెట్ సంగతి ఇక ఎవరూ ఎత్తలేదు.

ఆ కాగితం పట్టుకుని స్టెఫా ఆంటీ చర్చిలో ఆడవాళ్లందరి చేతులూ సరిచూసింది. నాయనమ్మకి ఏదైనా ఇబ్బంది వస్తే ఆ కొలత చెయ్యి ఇంకొకటి సిద్ధంగా ఉండాలని ఆవిడ ఆలోచన. ఊరంతా వెతికి చివరికి ఇంట్లోనే సంబంధం కుదిరినట్టు, అది డారియా చేతికి సరిపోయింది. పదహారేళ్ల డారియాకి అలా ఉప్పు వేసే ఉద్యోగం వచ్చింది. నాయనమ్మ పక్కన నిలబడి నేర్చుకుంది. విందులో పచ్చడి గిన్నె పుల్లటి క్యాబేజీకి, యాపిల్ పైలకి నడుమ కుదురుకుంది. జనం దాన్ని "ఆ ఎర్రది" అనేవారు. అది వడ్డించుకోవడానికే వరసలో ముందు నిలబడే రైతులు తయారయ్యారు. కొన్నేళ్లకి వాళ్లలో కొందరు నాన్న మాట విని పప్పు కూడా వేశారు. నాన్న దీన్ని పరిశోధన ఫలితం అనేవారు. నాయనమ్మ గిన్నె వైపు చూసేది. ఆవిడ ఆ ఊళ్లో పద్నాలుగేళ్లు ఉంది. స్టెఫా ఆంటీని చివరిదాకా "పక్కింటావిడ" అనే పిలిచింది, పోయేముందు రోలు ఆవిడకే ఇచ్చింది. నాకెందుకు ఇవ్వలేదో నేను అడగలేదు. నా వంట ఆవిడ తినే ఉంది.

ఇప్పుడు మార్కమ్‌లో మా ఇంటికి పది నిమిషాల దూరంలో గోంగూర కట్టలు కట్టలుగా దొరుకుతుంది. మంచు కురుస్తున్నా దొరుకుతుంది. ఫోన్ చేస్తే పచ్చడి చేసి డబ్బాలో పెట్టి ఇంటికి పంపే వాళ్లున్నారు. దొరకని రోజుల్లో మా ఇంట్లో గోంగూర మాట రోజూ వచ్చేది. దొరకడం మొదలయ్యాక నెలకోసారి కూడా రావడం లేదు. ఆ రోజులే బాగుండేవని నేను అనను. మేజోళ్ల మీద మేజోళ్లు తొడుక్కుని బడికి నడిచినదాన్ని, ఆ రోజులేమిటో నాకు తెలుసు. కాకపోతే శ్రావణి బేస్‌మెంట్‌లో ఒక్కతే నిలబడి, వేర్‌హౌస్ నుంచి వచ్చిన కోటుతోనే అన్నం వేడి చేసుకుంటూంటే, ఈ పిల్ల చెత్తడబ్బాలోకి తొంగి చూసే పక్కింటావిడ ఉందా అని అనిపిస్తుంది. నిజానికి ఆ పని నేను చెయ్యాలి. మా చెత్త మేం లారీ వచ్చే రోజున వరసగా మూతలు బిగించి పెడతాం.

శనివారం డారియా వంటింట్లో అన్నీ సిద్ధంగా ఉన్నాయి. రెండు బకెట్ల కాడలు, నాయనమ్మ రోలు, ఉప్పు డబ్బా, ఇద్దరు మేనకోడళ్లు. మా పాత ఇల్లు కిటికీలోంచి కనిపిస్తోంది. ఎవరో దానికి నీలం రంగు వేశారు. అల్మైరా తలుపు లోపలి వైపు ఆ గోధుమరంగు కాగితం ఇంకా అతికించే ఉంది. ఉంగరం వేలు పక్కన గీత వంకర అలాగే ఉంది. నా చెయ్యి దాని మీద పెట్టాను. అరచెయ్యి సరిపోయింది గాని వేళ్లు గోరంత బయటికి వచ్చాయి. మా అమ్మ వేళ్లు. నాయనమ్మ తీర్పు సరైనదేనని, యాభై ఏళ్ల తర్వాత సాక్ష్యంతో సహా రుజువైంది. డారియా బాణలి దించింది.

ఎందుకైనా మంచిదని రుచి చూస్తానన్నాను. మేనకోడళ్లిద్దరూ నన్ను వింతగా చూశారు. బల్ల మీదికి వెళ్లేదాకా రుచి చూడకూడదట. అది రెసిపీలో ఉందట. స్టెఫా ఆంటీ వాళ్లకి అలాగే నేర్పిందట. దేవుడి సంగతి ఎవరూ చెప్పినట్టు లేరు. ఆయన ఎక్కడో దారిలో దిగిపోయాడు, నియమం మాత్రం వచ్చేసింది. సరే అని ఉప్పు డబ్బాలో చెయ్యి పెట్టాను. ఒక పిడికిలి వేశాను. రెండోది వేశాను. మూడోది తీసి గిన్నె వైపు తిప్పబోతూ ఉంటే, డబ్బా మీద నా వేళ్లు కొంచెం వదులై, కాస్త ఉప్పు వెనక్కి జారిపోయింది. మిగిలింది గిన్నెలో వేశాను.

"అది ఎందుకు వెనక్కి పోశారు?" అంది చిన్న మేనకోడలు.

నాకు తెలియదు. చేతికి తెలిసినట్టుంది. అలా నిలబడి ఉండగా నాయనమ్మ మోచెయ్యి, నాన్న కోటు మడిచిన చేతులు, డబ్బాలోకి ఇసకలా జారే ఉప్పు కళ్ల ముందుకు వచ్చాయి. ఇంట్లో చిటికెలైనా, విందుకి పిడికిళ్లైనా, మూడోది ఆవిడ ఎప్పుడూ నిండుగా వేసేది కాదు. కాస్త వెనక్కి వదిలి, "తక్కువైతే అడుగుతారు, ఎక్కువైతే లేచిపోతారు" అనేది. రోజూ అనేది గనక నేను ఎప్పుడూ వినలేదు. ఆ మాట వాళ్లకి ఇంగ్లీషులో చెప్పాను. డారియా తన కుడిచేతి వైపు చూసుకుంది.

"నేనూ వదిలేదాన్ని" అంది నెమ్మదిగా. "వదులుతున్నానని ఇప్పటిదాకా నాకు తెలియదు."

మేనకోడళ్లు పోయిన ఏడు ఆ కాగితం మీది చెయ్యి చూసుకుని, మూడు నిండు పిడికిళ్లకి చెంచాల లెక్క కట్టి, ఒక్క పలుకు తగ్గకుండా వేశారట. కొలిచినంతవరకు వాళ్ల తప్పేం లేదు. చిన్నది వెంటనే నోటుబుక్కు తెరిచి, మూడోది నిండుగా వద్దు అని రాసుకుంది.

ఆదివారం సాయంత్రం చర్చి హాల్లో, పుల్లటి క్యాబేజీకి యాపిల్ పైలకి నడుమ, గిన్నె ఎప్పటి చోట్లోనే పెట్టారు. పాదిరిగారు ప్రార్థన చేశారు. నాయనమ్మ లెక్కలో నైవేద్యం అయినట్టే. నేను గోడ పక్కన, పాలసీ మీద సంతకం పెట్టినదానిలా నిలబడ్డాను. వరసలో ముందున్నది నా చిన్నప్పటి నుంచీ ముందే ఉన్న ముసలి రైతు. ఇప్పుడు కర్ర సాయంతో వచ్చాడు. పోయిన ఏడు సంగతి గుర్తుందేమో, రొట్టె మీద బఠాణీ గింజంత పూసుకున్నాడు. నమిలాడు. ఆగాడు. కర్ర బల్లకి ఆనించి రెండో చెయ్యి కూడా ఖాళీ చేసుకుని, గరిటె తీసుకున్నాడు. ఈసారి గరిటె నిండా. వెనక్కి తిరిగి, వరసలో తన వెనకవాడితో, "నాట్ టూ బ్యాడ్" అన్నాడు.

మిగతాదంతా ఇరవై నిమిషాల్లో అయిపోయింది. గిన్నె అడుగు ఎవరో రొట్టెతో తుడిచేశారు. కమిటీ ఆవిడ వచ్చి, వచ్చే ఏడు మూడు బకెట్లు చెయ్యగలమా అని అడిగింది. చూస్తామంది డారియా, ఏమంత తొందర లేనట్టు. నేను ఎవరి ఓటమినీ చూసి సంతోషించే మనిషిని కాను. యాపిల్ పైలు ఇంకా మూడు ముక్కలు మిగిలి ఉన్న సంగతి రెండుసార్లు మాత్రమే చూసుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి ఎండ ఇంకా వంటింటి టేబుల్ మీదే ఉంది. జూన్‌లో ఆ ఊళ్లో సూర్యుడు ఇంటికి వెళ్లడానికి ఇష్టపడడు. డారియా ఒక కిరాణా సంచి చింపి, టేబుల్ మీద పరిచి, నా చెయ్యి దాని మీద పెట్టమంది. నా చెయ్యి కొలత కాదు కదా, వేళ్లు పొడవు అన్నాను. పెట్టు అంది. పెన్సిల్‌ని బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఇరికించుకుని, తన వంగని వేళ్లతో చాలా నెమ్మదిగా గీయడం మొదలుపెట్టింది. నెమ్మదిగా గీస్తే ఇంకా కష్టమని అప్పుడే తెలిసింది. బొటనవేలు దాటింది. నడిమివేలు దాటింది.

"నవ్వకు" అంది తల ఎత్తకుండా. "గీత వంకర పోతుంది."

అరవై ఏళ్లదాన్ని, ముప్పై ఏళ్లు ఆఫీసులో ఎన్ని చూసినా ముఖం కదలకుండా కూర్చున్నదాన్ని, నేనెందుకు నవ్వుతాను అన్నాను. ఉంగరం వేలు దగ్గర గీత వంకర పోయింది.